గురువారం కొలత

సంచీ బోర్లించమన్నాను.
వంటింటి బల్ల మీద దబదబా రాలాయి
అట్టపెట్టెలు, రేకు పట్టీలు, మూత పోయిన సీసా,
గడువు దాటిన కంటిచుక్కలు,
వాటితోపాటు ఒక కోటు గుండీ, రెండు పుదీనా బిళ్ళలు.
ఇవీ లెక్కలో రాస్తావా, అన్నాడు
విల్ఫ్రెడ్ గార్బట్, ఎనభై మూడేళ్ళు,
హార్ట్‌లీపూల్ రేవులో జీవితమంతా క్రేను నడిపినవాడు.
రాశాను. పద్నాలుగు తేలాయి,
పుదీనా కాకుండా.

ఇది దేనికండీ?
గుండెకి.
మరి ఇది?
అదీ గుండెకే అనుకుంటా.
ఇదేమో తుంటి విరిగిన ఏడు ఆసుపత్రిలో మొదలెట్టారు.
తుంటి అతికింది, మాత్ర ఆగలేదు.
రాసిన డాక్టరు రిటైరై స్పెయిన్‌లో ఉన్నాడట,
ఆయన సంతకం మాత్రం నెలనెలా
ఈ కడుపులోకి దిగుతూనే ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు మా వైపు.
మేం అడక్కుండానే ఇన్ని పెట్టాం.
ఎలా మింగుతున్నావయ్యా అని
ఒక్కరం అడగలేదు.

అడిగాను.
రోజూ వేసుకుంటాను, అన్నాడు.
కెటిల్ ఈల ఆగాక అన్నాడు: గురువారం తప్ప.

గురువారం బౌల్స్ ఆట.
మిడిల్స్‌బ్రో దాకా బస్సు, ముప్పావు గంట.
నీటిమాత్ర వేసుకుని ఎక్కితే
దారిలో పరువు పోతుంది, పెట్.
పెట్ అంటే ఈ ఊళ్ళో, తల్లీ అన్నట్టు.

అదొక్కటే ఆపచ్చుగా మరి?
ఏదదో నాకేం తెలుసు?
అన్నీ తెల్లవే, అన్నీ గుండ్రమే.

తెల్లనివన్నీ పాలనుకున్నది మేము.
తెల్లనివన్నీ నీళ్ళనుకుని
పొద్దుటి గుప్పెడంతా
డబ్బాలోనే వదిలేసి బస్సెక్కాడు ఆయన.

నా పెన్ను ఆగింది.
మా బీపీ క్లినిక్ గురువారమే.
ఆట ముగించుకుని, అదే బూట్లతో,
అటునుంచి అటే వచ్చేవాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను.
మార్చి నెల. గురువారం. నూట డెబ్భై ఎనిమిది.
ఐదు మిల్లీగ్రాములు పది చేయడమైనది.
కింద రెండు పొడి అక్షరాలు. నావి.

ఆ పదికి పాదాలు వాచాయి.
వాపు చూసి ఇంకెవరో నీటిమాత్ర రెట్టించారు.
రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడని మరొకరు
మూత్రం ఆపే మాత్ర రాశారు.
అది నోరెండబెట్టింది, కడుపు బిగించింది,
కడుపు కోసం పొట్లాలు వచ్చాయి.
మనవరాలి పేరు నాలుక మీదికి రావడం లేదని
మెమరీ క్లినిక్‌కి ఉత్తరం పోయింది.
చీకట్లో బాత్‌రూముకి వెళ్తూ మెట్ల మీద పడ్డాడు.
అందరం బుద్ధిమంతులమే.
ఎవరి అతుకు వాళ్ళం చక్కగా కుట్టి
ఇంటికి పోయాం.

ఆ పది నేను చేసిందే, అని చెప్పాను.
చెప్పడానికి టీ సగం చల్లారింది.

చాలాసేపు కిటికీలోకి చూశాడు.
క్రేనెక్కితే, అన్నాడు,
బరువు ఎత్తేది నేనే గానీ
నేల కనబడేది కింద నిలబడ్డ వాడికే.
వాడు చెయ్యి ఊపకుండా
అంగుళం కదిపేవాణ్ణి కాదు.

ఇక నేనేం మాట్లాడను?
డాక్టరుకి ఫోన్ చేశాను.
అన్నీ ఒకేసారి ఆపకూడదు,
ఒక్కొక్కటే దించాలి,
దించాక రెండు వారాలు ఆగి చూడాలి.
ముందు మూత్రం మాత్ర. తర్వాత నా పది.
నీటిమాత్ర పెట్టెకి ఎర్ర స్టిక్కరు అంటించాను,
గురువారం బస్సు దిగి ఇల్లు చేరాకే, అని రాసి.
తుంటి మాత్ర ఎందుకో
ఇప్పటికీ మా ఇద్దరికీ తెలీదు.
కనుక్కుంటానన్నాను.

గుమ్మం దగ్గర పుదీనా బిళ్ళ ఒకటి
నా చేతిలో పెట్టాడు.
రోజుకెన్ని? అన్నాను.
నవ్వలేదు. ఆలోచించి, అవసరమైతేనే, అన్నాడు.

కారులో కూర్చుని డైరీ తెరిచాను.
వచ్చే కొలత: మంగళవారం.
దాని కింద రెండు గీతలు గీశాను.